డేలియాకు నెల్లూరు పంచాంగం

సంక్రాంతి దగ్గర పడగానే నెల్లూరు, కావలి, ఒంగోలు వీధుల్లోకి మొక్కల బండ్లు వస్తాయి. కడియం నర్సరీల నుంచి దిగిన చామంతి, బంతి, గులాబీ కవర్ల మధ్య జానెడు మొక్క మీద పిడికిలంత పువ్వుతో డేలియా నిలబడి ఉంటుంది. బేరమాడి కొని మెట్ల మీద పెడతారు. మూడు వారాల పాటు ఇంటికొచ్చిన ప్రతివాళ్ల చూపూ దాని మీదే. ఫిబ్రవరి సగానికి పూలు రూపాయి బిళ్లంత అవుతాయి, ఆకుల అంచులు మాడతాయి. శివరాత్రి వెళ్లేసరికి కాడ నల్లబడి మొక్క వాలిపోతుంది. "మా చేతికి పూలు అచ్చిరావు" అనుకుంటూ కుండీని పిట్టగోడ మూలకు నెట్టేస్తారు.

ఇందులో చేతి తప్పు తక్కువ, క్యాలెండర్ తప్పు ఎక్కువ. డేలియా గురించి మనకు దొరికే సలహాలు చాలావరకు రెండు చోట్ల నుంచి వస్తాయి. ఒకటి ఇంగ్లండు, అమెరికా తోటలది: మంచు పోయాక మే నెలలో దుంప నాటాలి, నవంబరులో తవ్వి దాచాలి. రెండోది కోల్‌కతా, ఉత్తరాది మైదానాలది: సెప్టెంబరు, అక్టోబరులో నాటాలి, చలికాలమంతా పూలు చూడాలి. మొదటిది ఇక్కడ పనికిరాదని ఎవరికైనా తెలుస్తుంది. మే నెలలో ఒంగోలులో నాటిన దుంప మట్టిలోనే ఉడికిపోతుంది. చిక్కంతా రెండోదానితోనే. అదీ మన దేశపు సలహాయే కదా అనిపిస్తుంది. కానీ కోల్‌కతాలో అక్టోబరు వానలు వెనక్కి తగ్గే నెల. నెల్లూరులో అసలు వానలు మొదలయ్యేదే అప్పుడు.

ఈ పువ్వు స్వభావం అర్థం కావాలంటే దాని పుట్టిల్లు చూడాలి. అది మెక్సికో. 1963లో ఆ దేశం డేలియాను తన జాతీయ పుష్పంగా ప్రకటించింది. అక్కడి నుంచి స్పెయిన్ చేరిన మొక్కకు 1791లో మాడ్రిడ్‌లో కవనిలెస్ అనే వృక్షశాస్త్రవేత్త ఆండర్స్ డాల్ పేరు పెట్టాడు. స్వీడన్ వాడైన డాల్, పేరున్న వృక్షశాస్త్రవేత్త లినేయస్‌కు శిష్యుడు. అప్పటికి రెండేళ్ల ముందే చనిపోయాడు. మొదట్లో యూరప్ వాళ్లు ఈ దుంపను బంగాళాదుంపలా వండుకు తినొచ్చేమో అని కూడా చూశారు. రుచి నచ్చలేదు. పూలతో సరిపెట్టుకున్నారు.

మెక్సికో అనగానే మన కళ్ల ముందు బ్రహ్మజెముళ్లు, మండే ఎండ మెదులుతాయి. మెక్సికో నగరం భూమధ్యరేఖకు 19 డిగ్రీల ఉత్తరాన ఉంటే, నెల్లూరు 14 డిగ్రీల పైచిలుకు. రెండూ ఉష్ణమండలంలోనివే. అయితే మెక్సికో నగరం సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది. నెల్లూరు ఎత్తు అటూ ఇటూగా 20 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది. అడవి డేలియాలు పెరిగేది అలాంటి కొండ వాలుల్లోనే. పగలు హాయైన ఎండ, రాత్రయితే దుప్పటి కప్పుకోవాల్సిన చలి. ఊటీ, కొడైకెనాల్‌లలో ఈ పువ్వు పళ్లెమంత కావడానికీ, 900 మీటర్ల ఎత్తున్న బెంగళూరులో సైతం బాగా పూయడానికీ కారణం అదే.

కాబట్టి మన దగ్గర డేలియాకు పెద్ద గండం పగటి ఎండ కాదు, రాత్రి ఉక్క. మొక్క పగలు ఎండలో చక్కెర తయారు చేసుకుంటుంది, రాత్రి ఊపిరి తీసుకుంటూ అందులో కొంత ఖర్చు పెడుతుంది. రాత్రి వెచ్చగా ఉన్నకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. పువ్వుకు, దుంపకు పోవాల్సింది ఊపిరికే సరిపోతుంది. డేలియాకు రాత్రి 10 నుంచి 16 డిగ్రీలు ఉంటే పండగ. సముద్రానికి దగ్గర్లోని నెల్లూరులో డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా సాధారణంగా 20 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మనకది చలికాలం, డేలియాకు మాత్రం ఎండాకాలం. కాడలు సన్నగా సాగడం, పువ్వు చిన్నదవడం, నడుమ పసుపు కన్ను బయటపడటం అన్నీ దీని తాలూకు గుర్తులే. ఎరువు ఎంత వేసినా ఇది మారదు. పైగా ఈ దశలో యూరియా వేస్తే ఆకు తప్ప మరేమీ రాదు.

ఇక్కడ పెంచేవాళ్లు ముందే ఒక ఆశ వదులుకోవడం మంచిది. పది అంగుళాల పైన పూసే పెద్ద రకాల బొమ్మలు చూసి దుంపలు తెప్పిస్తే అవి కోస్తాలో ఆ సైజుకు రావు. రెండు నుంచి నాలుగు అంగుళాల రకాలు ఎంచుకుంటే మాత్రం నష్టం లేదు. బంతిలా గుండ్రంగా ఉండే పాంపన్లు, ఒకే వరుస రేకులుండే పొట్టి రకాలు వెచ్చని రాత్రులను కాస్త ఓర్చుకుంటాయి. విత్తనాల ప్యాకెట్లలో దొరికే పొట్టి రకాలు చవక కూడా.

మరో సంగతి పగటి పొడవు. డిసెంబరు 22 ప్రాంతంలో నెల్లూరులో పగలు సుమారు 11 గంటల 15 నిమిషాలు. పగలు 12 గంటల కంటే తగ్గితే డేలియా ఎదుగుదల మందగించి, కిందకు దిగి దుంప కట్టడం మొదలుపెడుతుంది. పువ్వులో రంగు రేకులు తగ్గి నడుమ గుండీ పెద్దదవుతుంది. అందుకే లేత మొక్కలున్న కుండీలను సాయంత్రం వరండా దీపం కింద పెట్టడం పిచ్చి పని కాదు. పొద్దు గుంకాక రెండు, మూడు గంటలు మామూలు ఎల్‌ఈడీ బల్బు వెలుగు పడితే చాలు, మొక్క ఇంకా పొడవు పగళ్లే అనుకుని ఆకు వేస్తూ పోతుంది. చామంతిని పొలాల్లో సాగుచేసేవాళ్లు రాత్రిళ్లు బల్బులు వెలిగించేదీ ఈ సూత్రం మీదే. మొక్క పది ఆకులేసి గట్టిపడ్డాక దీపం మానేయొచ్చు.

ఇప్పుడు అసలు లెక్క, వానది. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. 2015 నవంబరు, 2021 నవంబరు వరదలు ఇంకా అందరికీ గుర్తే. 2021లో పెన్న పొంగి కోవూరు దగ్గర హైవే, రైలు మార్గం రెండూ తెగాయి. 2023లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. డేలియా వేరుకు నీళ్లు నిలిస్తే రెండు రోజులు చాలు, దుంప మెత్తబడి పులిసిన వాసన వస్తుంది. సెప్టెంబరులో మడిలో నాటితే మొక్క సరిగ్గా మొగ్గ తొడిగే సమయానికి వాయుగుండం వస్తుంది. జనవరి కోసం ఆగి నాటితే పువ్వు విచ్చేసరికి మార్చి ఎండ. ఈ రెండింటి మధ్య దొరికే సందు చాలా ఇరుకు.

ఆ సందులో పట్టాలంటే మొక్క బాల్యమంతా కప్పు కింద గడవాలి. అక్టోబరు మొదటి వారంలో కొబ్బరి పొట్టు నింపిన ట్రేలో విత్తనాలు చల్లుకుని వరండాలో ఉంచాలి. నవంబరు మొదట్లో నాలుగు అంగుళాల కవర్లలోకి, నెలాఖరుకు పది, పన్నెండు అంగుళాల కుండీలోకి మార్చాలి. వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా ఎండలోకి జరపాలి, లేకపోతే కాడలు వెలుతురు వెతుక్కుంటూ వంకరపోతాయి. తుఫాను హెచ్చరిక వస్తే మళ్లీ లోపలికి. పిల్లిపిల్లల్ని మార్చినట్టు ఉంటుంది ఈ నెలన్నర. విత్తనం నుంచి పువ్వుకు పది, పన్నెండు వారాలు పడుతుంది కాబట్టి అక్టోబరు మొదట్లో వేసినవి సంక్రాంతికి అందుతాయి. నేలలో మడి కట్టి నాటదలచుకుంటే డిసెంబరు 10 దాటనివ్వాలి. అప్పటికి కవర్లలో ముదిరిన మొక్కలు జనవరి చివర నుంచి మార్చి మొదటి వారం దాకా పూస్తాయి. అంతకు మించి ఆశ పెట్టుకోకూడదు.

మట్టి విషయంలో ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు సరిపోతాయి. ఒంగోలు వైపు నల్లరేగడి అయితే ఇసుక ఎక్కువ కలపాలి, లేదా కుండీలనే నమ్ముకోవాలి. "చెరువు మట్టి మంచిది" అన్న మాట విని రొయ్యల చెరువు అడుగు మట్టి తెచ్చేస్తే మాత్రం కథ ముగిసినట్టే. ఊరి చెరువు మట్టి వేరు, ఉప్పు పేరుకున్న రొయ్యల గుంట బురద వేరు. కొబ్బరి పొట్టును కూడా ఒకటికి రెండుసార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండాలి, అందులోనూ ఉప్పు ఉంటుంది.

కోస్తాలో డేలియా ఆకు అంచులు మాడితే చాలామంది ఎండ దెబ్బ అనుకుంటారు. చాలాసార్లు అది ఉప్పు దెబ్బ. కొత్తపట్నం, సింగరాయకొండ లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్ల రుచి చూస్తేనే తెలిసిపోతుంది. కుండీలో పోసిన నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. రోజురోజుకీ పేరుకుంటుంది. మట్టి తడిగానే ఉన్నా వేరు ఆ నీటిని లాక్కోలేదు. నీళ్లు వృథా చేయకూడదని ఆర్‌ఓ యంత్రం బయటకు వదిలే నీటిని మొక్కలకు పోసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. ఉద్దేశం మంచిదే. కానీ బోరు నీటిలోని ఉప్పు చిక్కబడేది ఆ నీళ్లలోనే. వాటిని గచ్చు కడగడానికి వాడుకోవచ్చు, డేలియాకు వద్దు.

దీనికి మందు ఆ నవంబరు వానే. మేడ మీద నుంచి దిగే గొట్టం కింద 200 లీటర్ల డ్రమ్ము పెడితే ఒక్క వానకు నిండుతుంది. కుండీకి రోజుకు లీటరు చొప్పున నాలుగు కుండీలకు 50 రోజులు. డిసెంబరు, జనవరి చాలావరకు గడిచిపోతాయి. డ్రమ్ము మూతికి పాత పంచె గుడ్డ బిగించి కట్టకపోతే డెంగీ దోమలకు పుట్టిల్లవుతుంది, అది మరిచిపోకూడదు. డ్రమ్ము పెట్టే వీలు లేనివాళ్లు కనీసం పదిహేను రోజులకోసారి మంచినీళ్లు కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా పోస్తే పేరుకున్న ఉప్పు కొంత కొట్టుకుపోతుంది.

ఇక చిగురు గిల్లడం. ఈ పని ప్రకాశం జిల్లా వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పొగాకు చేలో పూత కొట్టిన తల తుంచితే బలం ఆకుకు పడుతుందని, తుంచాక పక్కల నుంచి పిలకలు తన్నుకొస్తాయని, వాటినీ తీసెయ్యాలని ఇక్కడి రైతులకు బాగా తెలుసు. డేలియాలో మొదటి సగం అచ్చంగా అదే. మొక్క జానెడు పెరిగి మూడు, నాలుగు జతల ఆకులు వేశాక నడి చిగురును గోటితో తుంచాలి. వారం తిరక్కుండా ఒక్కో ఆకు చంకలోంచి ఒక్కో పిలక లేస్తుంది. పొగాకు రైతుకు పగవాడైన ఆ పిలక ఇక్కడ చుట్టం. పూలు మోసేది అదే. తల తుంచని మొక్క ఒక్క కాడతో నిటారుగా లేచి, ఒక్క పువ్వు పూసి, సముద్రపు గాలికి మెడ విరుచుకుంటుంది.

మొగ్గల దగ్గర మళ్లీ పొగాకు బుద్ధి వాడాలి. కొమ్మ చివర సాధారణంగా మూడు మొగ్గలు వస్తాయి, నడుమ ఒకటి, అటూ ఇటూ రెండు. పక్క రెండూ బఠాణీ గింజంత ఉన్నప్పుడే గిల్లేస్తే నడుమది నిండుగా విచ్చుకుంటుంది. మూడింటినీ వదిలేసినా పూస్తాయి, కాకపోతే మూడూ ముచ్చటకే. చేతికి పొగాకు అంటుకున్నవాళ్లు గిల్లే ముందు సబ్బుతో కడుక్కోవాలి. డేలియాకు వైరస్ తెగుళ్లు తేలిగ్గా పడతాయి. ఆకు మీద పసుపు చారలు, ముడతలు వచ్చి మొక్క గిడసబారితే దాన్ని బాగు చేసే మందు లేదు, పీకి పారేయడమే. వైరస్‌ను మోసే పేనుబంక చిగుళ్ల కింద చేరకుండా చూసుకోవడమొక్కటే మన చేతుల్లో ఉంది.

కుండీ ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం పంట అక్కడే పోతుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి జరిగి ఉంటాడు. నెల్లూరులో నడి మధ్యాహ్నం కూడా నెత్తి మీదకు రాడు, 52 డిగ్రీల ఎత్తున ఆగుతాడు. ఇంటికి ఉత్తరం వైపు పెట్టిన కుండీకి రోజంతా నీడే. కాబట్టి జనవరి వరకు దక్షిణం వైపు. ఫిబ్రవరి నుంచి ఎండ నిటారుగా పడటం మొదలవుతుంది, అప్పుడు తూర్పు వైపుకు మార్చి పదకొండు దాటాక నీడ పడేలా చూడాలి. మేడ మీద పెంచేవాళ్లు కుండీని పెద్ద కుండీలో దించి, మధ్య ఖాళీలో తడి ఊక నింపితే వేళ్లు ఉడకవు. గాలికి ఆసరాగా సరుగుడు కర్ర కావాలి. దాన్ని మొక్క నాటేటప్పుడే పాతాలి. తర్వాత గుచ్చితే దుంపలో దిగుతుంది.

పురుగుల్లో ఇక్కడ ముందు చెప్పుకోవాల్సింది తామర పురుగు. 2021లో గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప రైతుల్ని ఏడిపించిన నల్ల తామర పురుగు, మిరప మీద విరుచుకుపడక ముందే కర్ణాటకలో డేలియా పూలలో కనిపించి నమోదైంది. ఈ పురుగుకు పువ్వంటే ఇష్టం. తెల్ల కాగితం మీద పువ్వును దులిపితే నువ్వు గింజలో పావు వంతు ఉండే నల్ల పురుగులు పరుగెత్తుతాయి. రేకుల మీద తెల్లని, గోధుమ రంగు గీతలు వాటి పనే. చుట్టుపక్కల మిరప చేలున్న ఊళ్లలో ఇవి రాకుండా ఆపడం సాధ్యం కాదు. వాడిన పూలను మొక్క మీద ఉంచకుండా కోసి కవర్లో కట్టి పారేయడం, నీలం రంగు జిగురు అట్టలు వేలాడదీయడం, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట కొట్టడం ఇంటి స్థాయికి చాలు. ఫిబ్రవరిలో గాలి పొడిబారాక ఆకు అడుగున ఎర్రనల్లి చేరుతుంది. నీళ్ల ధారతో ఆకు అడుగులు కడిగితే తగ్గుతుంది.

మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్లకు ఈ బాధలు కొన్ని లేవు. తుఫాను వానలు అక్కడికి చేరేసరికి నీరసపడతాయి, నల్లమల అంచున రాత్రి చలి కోస్తా కంటే గట్టిగా ఉంటుంది. అక్కడ నవంబరు రెండో వారానికే నేలలో నాటుకోవచ్చు. పువ్వు కూడా కోస్తా పువ్వు కంటే ఒక పిసరు పెద్దదే అవుతుంది. వాళ్ల కష్టం నీళ్ల దగ్గర.

ఇంత చేస్తే వచ్చే పువ్వు జడలోకి పనికిరాదు, మాలకు అసలే పనికిరాదు. రేకు నిండా నీరే. కోసిన గంటలోనే సొమ్మసిల్లుతుంది. బంతి, చామంతి కూడా ఈ కుటుంబంలోవే అయినా, పూల బజారులో వాటి పక్కన డేలియా ఎన్నడూ కూర్చోలేకపోయింది ఇందుకే. గాజు సీసాలో పెట్టాలనుకుంటే తెల్లవారుజామున, పూర్తిగా విచ్చిన పువ్వునే కోసి వెంటనే నీళ్లలో ముంచాలి. మొగ్గగా కోస్తే సీసాలో విచ్చుకోదు.

ఆన్‌లైన్‌లో దుంపలు కొనేవాళ్లు ఒకటి చూసుకోవాలి. డేలియా దుంప చిలగడదుంపలా ఉంటుంది, పైన పెన్సిలంత సన్నని మెడ, ఆ మెడ పాత కాడ ముక్కకు అంటుకుని ఉంటుంది. కాడా మెడా కలిసే చోట ఆవగింజంత ఉబ్బు కనిపిస్తుంది. అదే కన్ను. బంగాళాదుంపకు ఒళ్లంతా కళ్లు, దీనికి మాత్రం అక్కడే. కాడ ముక్క లేకుండా, మెడ విరిగి వచ్చిన దుంప ఎంత లావుగా ఉన్నా మొలవదు. చూడ్డానికి ముద్దొచ్చే లావు దుంపలే ఎక్కువగా ఇలా మోసం చేస్తాయి. నీలం డేలియా విత్తనాలు అని కనిపిస్తే డబ్బు పెట్టొద్దు. డేలియాలో నిజమైన నీలం లేదు.

మన మొక్క నుంచే విత్తనం తీసి దాచుకుందామా అంటే, తీసుకోవచ్చు గానీ అదే పువ్వు వస్తుందన్న హామీ లేదు. మనిషి కణంలో క్రోమోజోములు రెండు సెట్లు ఉంటే, తోట డేలియాలో ఎనిమిది సెట్లు. విత్తనం కట్టేటప్పుడు అవి పేక ముక్కల్లా కలిసిపోతాయి. ముద్ద పువ్వు విత్తనం నుంచి ఒంటి రేకు పువ్వు రావడం మామూలే. నచ్చిన పువ్వే మళ్లీ కావాలంటే దుంప గానీ కొమ్మ ముక్క గానీ దాచుకోవాలి.

అసలు పరీక్ష అప్పుడే. మెక్సికోలో దుంప నిద్రపోయేది చల్లని, పొడి చలికాలంలో. ఇక్కడ అది మార్చి నుంచి సెప్టెంబరు దాకా, రోహిణి కార్తె మీదుగా నిద్రపోవాలి. కుండీలోనే వదిలేసి నీళ్లు మానేస్తే ఎండు ఖర్జూరంలా ముడుచుకుపోతుంది, పోస్తే కుళ్లుతుంది. ప్రతి మొక్కకూ ఈ తిప్పలు పడటం దండగ. విత్తనంతో వచ్చిన పొట్టి రకాలను మార్చిలో కంపోస్టులో వేసేసి, అక్టోబరులో మరో ప్యాకెట్ కొనుక్కోవడమే తెలివైన పని. బాగా మనసు పడ్డ రకం ఒకటో రెండో ఉంటే వాటిని తవ్వి, మట్టి దులిపి, రెండు రోజులు నీడన ఆరనిచ్చి, పొడి కొబ్బరి పొట్టులో చుట్టి, చిల్లులు పెట్టిన కవర్లో ఫ్రిజ్ కూరగాయల అరలో పెట్టొచ్చు. నెలకోసారి తీసి చూడాలి. మెత్తబడిన ముక్కను కోసేయాలి, ముడతలు పడితే పొట్టు మీద నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించాలి. అల్లం అనుకుని ఎవరూ చారులో దంచకుండా కవర్ మీద పేరు రాసి పెట్టడం కూడా అవసరమే.

సెప్టెంబరు మొదట్లో బయటకు తీసి తడి పొట్టులో మెడ పైకి ఉండేలా పరిస్తే రెండు, మూడు వారాల్లో కన్ను మొలకెత్తుతుంది. మొలక మూడు అంగుళాలు కాగానే దాన్ని కోసి ట్రేలో గుచ్చాలి. కోసిన చోట మళ్లీ మొలక వస్తుంది, ఒక్క దుంప నాలుగైదు ముక్కలిస్తుంది. అవి వేరు పట్టేసరికి అక్టోబరు సగం దాటుతుంది, డ్రమ్ము కడిగి గొట్టం కిందకు జరపాల్సిన రోజులు వచ్చేస్తాయి.